ఊఁ కొట్టనిదే సూది లేదు

మా అత్తగారిని ఒక ప్రశ్న అడిగి ఆ ప్రశ్నకే జవాబు పొందిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఆవిడతో నాకు ముప్ఫై ఆరేళ్ళ పరిచయం. కాబట్టి ఈ మాట బాధ్యతతోనే అంటున్నాను. "అత్తయ్యా, కాఫీలో పంచదార సరిపోయిందా?" అంటే, "మా పెద్ద మేనత్త ఉండేది చూడూ..." అని మొదలుపెడుతుంది. మేనత్త కాపురం, ఆడపడుచు పెట్టిన ఆరళ్ళు, ఆరళ్ళు పెట్టిన ఆడపడుచుకి చివరికి పట్టిన గతి, అన్నీ అయ్యేసరికి కాఫీ చల్లారిపోతుంది. పంచదార సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన ఆవిడ కన్నకొడుకు గనక ఈ విషయంలో చిన్నప్పుడే ఆరితేరారు. తల్లి నోట "ఉండేది చూడూ" అన్న మాట రాగానే లేచి చెప్పులు వేసుకుంటారు.

ఆవిడ పేరు మాణిక్యాంబ. డెబ్బై తొమ్మిదేళ్ళు. షుగర్ లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా జ్ఞాపకశక్తి.

మొన్నామధ్య కంద కోస్తూ కత్తిపీట కాలిమీద పడేసుకుంది. చెబితే కోడలు వంటింట్లోకి రానివ్వదని, గాయానికి ఇంత పసుపు అద్ది, చీర కుచ్చెళ్ళు కిందికి దించి, నాలుగు రోజులు గుట్టుగా తిరిగింది. అయిదోనాటికి పాదం ఉబ్బి చెప్పులో పట్టలేదు. జ్వరం కూడా వచ్చింది. ఆటోలో పడేసి ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఆటోలో దారి పొడుగునా నేను చెప్పాల్సినవి నాలుగు ముక్కలు వల్లెవేసుకున్నాను. కత్తిపీట తగిలింది. అయిదు రోజులైంది. షుగర్ లేదు. పెన్సిలిన్ సూది పడదు. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మా ఆడపడుచు వసంత పెళ్ళిలో ఆ సూది వేస్తే ఈవిడ ప్రాణం పోయినంత పని అయింది. కొత్త కోడలిగా నేను కళ్ళారా చూశాను.

ఆ ఆసుపత్రి పేరు చెప్పను. అద్దాల తలుపులు, తలుపుకి అటూ ఇటూ పూలకుండీలు. ఆరో వార్డులో మంచం ఇచ్చారు. ఎస్తేరు అని ఒక సిస్టరు దళసరి నోటుబుక్కు, రెండు పెన్నులు పట్టుకుని వచ్చింది. రెండు పెన్నులు ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

"ఏమైందమ్మా?" అంది.

"కత్తిపీట తగిలి..." అని నేను నోరు తెరిచాను.

"మీరు కాదమ్మా. రోగి చెప్పాలి."

"ఆవిడ చెబితే..."

సిస్టరు గోడవైపు చూపించింది. అక్కడ పెద్ద బోర్డు ఉంది.

*రోగి వాక్కు యథాతథముగా నమోదు చేయవలెను. సారాంశము నిషిద్ధము. సహచరులు చెప్పునది పరోక్ష సమాచారముగా పరిగణింపబడును. సహచరులు రోగిని ప్రేరేపించరాదు. — డైరెక్టరు, సమాచార శుద్ధి విభాగము.*

"ఇదెప్పటినుంచి?" అన్నాను.

"ఇడ్లీ జరిగినప్పటినుంచండీ," అంది ఎస్తేరు.

క్రితం నెలలో ఒకాయనకి ఆపరేషనట. పొద్దున్న ఏమీ పెట్టొద్దని ఒక సిస్టరు చెప్పి డ్యూటీ దిగిపోయింది. ఆ మాట ఎక్కే సిస్టరుకి చేరలేదు. ఆవిడ నాలుగిడ్లీ పెట్టింది, ఆయన మరో రెండు అడిగి వేయించుకున్నాడు. ఆపరేషను వాయిదా పడింది. కమిటీ వేశారు. సమాచారం క్లుప్తంగా ఇవ్వడం వల్లనే అనర్థం జరిగిందని కమిటీ తేల్చింది. అప్పుడు బెంగుళూరులో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చిన ముక్తేశ్వర్రావు గారిని డైరెక్టరుగా వేసి, ఇకమీదట ఒక్క అక్షరం కూడా నేలపాలు కాకూడదని ఆదేశించారు.

"చెప్పండి మామ్మగారూ, ఏమైంది?" అని ఎస్తేరు పెన్ను మూత తీసింది.

మా అత్తగారు తలగడ సర్దుకుంది. ఎదురుగా ఒక మనిషి, చేతిలో కాగితం, ప్రతి మాటా రాసుకోవడానికి సిద్ధంగా. డెబ్బై తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎదురుచూసింది ఇదే.

"ఆ కత్తిపీట ఉంది చూడూ," అంది, "అది మా పెళ్ళికి మా మేనమామ పెట్టాడు."

మా ఆయన చెప్పులు వేసుకుని కాఫీ ఫ్లాస్కు తెస్తానని వెళ్ళారు.

తొమ్మిదింటికి మొదలై పన్నెండున్నరకి ముగిసింది. ముగిసిందంటే, భోజనం వచ్చింది. నలభై నాలుగు పేజీలు. మొదటి పెన్ను మేనమామ ఇంటి గొడవల్లోనే ఖాళీ అయిపోయింది. నేను పక్కనే కూర్చుని చెవులు రిక్కించి విన్నాను. పెన్సిలిన్ వచ్చింది. ముప్ఫై ఎనిమిదో పేజీలో, వసంత పెళ్ళిలో వడ్డన అన్యాయంగా జరిగిందన్న కథ మధ్యలో, రెండు వాక్యాలు. హమ్మయ్య అనుకున్నాను. అది నా అమాయకత్వం.

డ్యూటీ డాక్టరు శ్రీవల్లి అని చిన్నపిల్ల. వరండాలో స్టూలు మీద కూర్చుని పరీక్షల ముందు రోజు లాగా అయిదుగురు రోగుల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని చదువుకుంటోంది.

"ఆంటీ, పాదంలో ఇన్‌ఫెక్షన్. నాలుగింటికి సూది రాశాను," అంది.

"ఏం సూదమ్మా?"

చెప్పింది. పెన్సిలినే.

"అది ఆవిడకి పడదు. ముప్ఫై ఎనిమిదో పేజీ చూడు తల్లీ."

శ్రీవల్లి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను పదో పేజీ దాకా చదివాను ఆంటీ. వైద్యం మొదలెట్టడానికి పది పేజీల ప్రాథమిక పఠనం చాలు. వరసగా చదవాలి. మధ్య పేజీలు తెరిస్తే భాగ పఠనం కింద మెమో ఇస్తారు. నాకు ఇప్పటికే రెండున్నాయి."

"నేను చెప్పాను కదమ్మా. విన్నావు కదా."

"విన్నాను. నాకు తెలిసింది. ఆసుపత్రికి ఇంకా తెలియలేదు."

"అయితే నేను సూది వద్దంటాను."

"వద్దనే హక్కు రోగిది ఆంటీ. ఆవిడ మాటల్లోనే వద్దనాలి."

లోపలికి వెళ్ళి, "అత్తయ్యా, సూది వద్దని చెప్పండి," అన్నాను.

"సూదంటే గుర్తొచ్చిందే హైమా," అంది ఆవిడ. "మన వీధి చివర టైలరు ఉండేవాడు చూడూ..."

నేను సరాసరి ముక్తేశ్వర్రావు గారి గదికి వెళ్ళాను. గోడ నిండా బాణం గుర్తులు గీసిన పటాలు. ఆయన బల్ల మీద నాలుగు టెలిఫోన్లు, అన్నీ మర్యాదగా మూగవే.

"సార్, మా అత్తగారికి పెన్సిలిన్ పడదు. నాలుగింటికి అదే సూది వేయబోతున్నారు."

"కూర్చోండి మేడమ్. మీరిప్పుడు ఎన్ని మాటల్లో చెప్పారు?"

"లెక్కపెట్టలేదండీ."

"అదే మన సమాజంలోని లోపం. సమాచారం అన్నది సమగ్రతాత్మకమైన ఒక ప్రక్రియ. మీరు దాన్ని మాత్రలా మింగించాలని చూస్తున్నారు. రెండు ముక్కల్లో చెప్పి చేతులు దులుపుకునే సంస్కృతి వల్లనే ఆనాడు..."

"ఇడ్లీ జరిగింది."

"జరిగింది," అన్నారు ఆయన, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని. "మీకు అంతగా ఆందోళన ఉంటే పరోక్ష సమాచార సమర్పణ పత్రం నింపవచ్చు. కనీసం నాలుగు పేజీలుండాలి. శుక్రవారం కమిటీ ముందు పెడతాం."

"ఇవాళ సోమవారం సార్."

"తొందరపాటు కూడా పాత సంస్కృతే మేడమ్."

గుమ్మం దాకా వచ్చి ఆయనే తలుపు తీశారు. మర్యాదలో వంక పెట్టడానికి లేదు.

రెండు గంటలకి డ్యూటీ మారే వేళ. ఎస్తేరు దిగిపోవాలి, నూకరత్నం సిస్టరు ఎక్కాలి. ఇక్కడ కూడా ఒక విధానం ఉంది. దిగే సిస్టరు మంచం పక్కన నిలబడి పుస్తకం పైకి చదవాలి. ఎక్కే సిస్టరు ప్రతి వాక్యం చివరా ఊఁ కొట్టాలి. దీన్ని శ్రవణ ధ్రువీకరణ అంటారు. ఒక్క ఊఁ తప్పినా పేజీ మొదటికి వెళ్ళాలి. మనసు పెట్టకుండా కొట్టిన ఊఁ చెల్లదు, దాన్ని యాంత్రిక ఊఁ అంటారు. ఊఁలు లెక్కరాసే రిజిస్టరు వేరే ఉంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేది, కాని ఆవిడ రిజిస్టరు పెట్టలేదు.

ఎస్తేరు గొంతు సవరించుకుంది. "ఆ కత్తిపీట ఉంది చూడూ. అది మా పెళ్ళికి మా మేనమామ పెట్టాడు."

"ఊఁ," అంది నూకరత్నం.

"మేనమామంటే సొంత మేనమామ కాదు."

"ఊఁ."

"కాదమ్మా!" అని మా అత్తగారు అడ్డం వచ్చింది. "సొంత మేనమామే. సొంతం కాదన్నది వాళ్ళావిడ సంగతి. ఆవిడ రెండో సంబంధం."

ఎస్తేరు చదవడం ఆపి, సవరణ రాసుకుని, పేజీ మొదటికి వెళ్ళింది.

అరగంటలో మూడు పేజీలయ్యాయి. తొమ్మిదో మంచం వీరాయమ్మ, "సిస్టర్లూ, నా సెలైను సీసా అయిపోయిందమ్మా," అంది. పఠనం మధ్యలో ఎవరూ కదలకూడదు. నూకరత్నం చూపులతోనే క్షమాపణ చెప్పుకుని ఊఁ కొట్టింది. కాసేపటికి వీరాయమ్మే, "సర్లే, ఆ రెండో సంబంధపామె ఇంట్లోకి వచ్చాక ఏం చేసిందో తేలనీండి, అప్పుడే రండి," అని ఇటు తిరిగి పడుకుంది. పక్క వార్డువాళ్ళు క్యారేజీలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆసుపత్రిలో మిగతా వార్డులూ ఇలాగే ఉన్నాయట. మూడో వార్డులో పొద్దున దిగాల్సిన సిస్టర్లు ఇంకా చదువుతూనే ఉన్నారని, ఊఁ కొట్టడానికి మనుషులు చాలక శ్రవణ సహాయకుల ఉద్యోగాలకి ప్రకటన ఇచ్చారని ఎవరో అన్నారు.

నేను గడియారం చూశాను. మూడూ పది. ఏడో పేజీ. డాక్టరుకి లాగే ఎక్కే సిస్టరుకీ పది పేజీలు చాలట; పదో పేజీకి ఊఁ కొట్టగానే సూది. కిటికీ పక్క బల్ల మీద ట్రే, ట్రేలో మందు సీసా, మూత పెట్టిన సూది అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

శ్రీవల్లి నా వెనక నుంచి నడుస్తూ, ఎవరితోనో కాదన్నట్టు అంది. "సవరణలు ఏ పేజీలో చెబితే ఆ పేజీలోనే చేరతాయి."

అర్థమైంది. ముప్ఫై ఎనిమిదో పేజీ పదో పేజీ లోపలికి రావాలి. వసంత పెళ్ళి ఇప్పుడే జరగాలి.

కాని మా అత్తగారి కథని మళ్ళించడం అంత తేలిక కాదు. "అత్తయ్యా, వసంత పెళ్ళిలో మీకు మేకు గుచ్చుకుంది కదా?" అన్నాను. వెంటనే ఎస్తేరు వేలు ఎత్తి బోర్డు చూపించింది. సహచరులు ప్రేరేపించరాదు. ఒక హెచ్చరిక అయిపోయింది. రెండోదానికి బయటికి పంపేస్తారు.

ఎనిమిదో పేజీ. తొమ్మిది. మూడూ యాభై.

ఆవిడని మాట్లాడించాలంటే అడగకూడదు, తప్పు చెప్పాలి. ముప్ఫై ఆరేళ్ళలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. వీరాయమ్మ వైపు తిరిగి, కాస్త గట్టిగా, "మా ఆడపడుచు పెళ్ళి భోజనాలు భలేగా జరిగాయండీ. బూరెలకి లోటే లేదు," అన్నాను.

"ఎవరే అన్నది!" అని మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "బూరెలకి లోటు లేదా? మగపెళ్ళివారి బంతి లేవకముందే బూరెలు అయిపోలేదూ? రాసుకో అమ్మాయ్, ఇది రాసుకో! ఇదంతా ఆ పందిరి వేసినవాడి వల్ల వచ్చింది."

ఎస్తేరు రాసింది. పదో పేజీలోనే. నూకరత్నం ఊఁ కొట్టింది గాని, పాపం రెండు గంటలుగా ఊఁ కొట్టి గొంతు ఎండిపోయింది. ఊఁ బదులు గాలి వచ్చింది. సరిగ్గా ఆ క్షణంలోనే ముక్తేశ్వర్రావు గారు తనిఖీకి వచ్చారు.

"ఏమిటిది? ధ్రువీకరణ లోపించింది," అన్నారు. "లేవమ్మా, నేను చూపిస్తాను. ఇది ఒక కళ." కుర్చీ లాక్కుని మా అత్తగారి ఎదురుగా కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకు వంగారు. "చెప్పండి మామ్మగారూ. పందిరి వేసినవాడు."

"వాడు గుంజలకి మేకులు కొట్టి, మిగిలినవి అక్కడే పారేశాడు నాయనా."

"ఊఁ." నిండుగా, గుండెలోంచి వచ్చింది. నిజంగా కళే.

"బూరెలు చాల్లేదని నేను వంటవాడి దగ్గరికి పరిగెత్తుతున్నా."

"ఊఁ."

"ఇంత మేకు కసుక్కున దిగింది కాల్లో."

"ఊఁ!"

"కాంపౌండరు వచ్చి సూది పొడిచాడు. పొడిచాక..."

"ఊఁ?"

"ఆ కాంపౌండరు పెళ్ళాం ఉండేది చూడూ..."

నా ప్రాణం ఉసూరుమంది. కాంపౌండరు పెళ్ళానికి కొంగున తాళాలు కట్టుకునే అలవాటట. ఆ తాళాలు ఒకసారి నూతిలో పడ్డాయట. ముక్తేశ్వర్రావు గారు మూడు ఊఁలు కొట్టారు. నాలుగోది కాస్త పలచబడింది. నూతిలోకి మనిషిని దింపేసరికి ఆయన కుర్చీలో కదిలారు.

"మామ్మగారూ, మరి సూది పొడిచాక మీకేమైంది?"

ఎస్తేరు పెన్ను ఆగింది. డైరెక్టరు గారే ప్రేరేపించారు.

"నాకా? ముఖం ఇంతయింది. పెదాలు వాచిపోయాయి. ఊపిరాడలేదు. మా ఆయన ఆ పందిట్లోనే ఏడుపు. సన్నాయివాళ్ళు వాయించాలో ఆపాలో తెలీక నిలబడిపోయారు."

"ఊఁ! తర్వాత?"

"మగపెళ్ళివారి తరఫున పెద్ద డాక్టరు ఒకాయన భోజనాల బంతిలోంచి ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. విరుగుడు సూది వేసి, మూడు గంటలు పక్కనే కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. అమ్మా, ఈ జన్మలో మళ్ళీ ఆ సూది మాత్రం వేయించుకోకు, ఈసారి నేనుండకపోవచ్చు అని."

"ఏ సూది?"

"చెప్తున్నాగా. ఆ డాక్టరు ఎవరనుకున్నావు? వాళ్ళ తాతగారికి మన..."

"తాతగారిని వదిలేయండి!"

"వదిలేస్తే ఎలా బాబూ, అసలు ఆ తాతగారే..."

"మామ్మగారూ!" ముక్తేశ్వర్రావు గారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది. "తాతగారొద్దు, తాళాలొద్దు, బూరెలొద్దు! సూది పేరు! ఒక్క పేరు చెప్పండి!"

"పెన్సిలినో ఏదో," అంది మా అత్తగారు, నొచ్చుకుని. "దాందేముంది. అసలు కథ బూరెల దగ్గర కదా."

ఎస్తేరు తల తిప్పి కిటికీ పక్క బల్ల వైపు చూసింది. మేమంతా చూశాం. ముక్తేశ్వర్రావు గారు నడిచి వెళ్ళి ట్రేలో పడి ఉన్న సీసా మీది పేరు చదివారు. మళ్ళీ చదివి, మధ్యాహ్నం ఇదే మాట చెప్పడానికి తన గదికి వచ్చిన నా వైపు చూశారు. గడియారంలో నాలుగూ అయిదయింది.

శ్రీవల్లి వచ్చి ఎవరినీ ఏమీ అడగకుండా ఆ ట్రే తీసుకుంది. చీటీ మీద రాసింది కొట్టేసి ఇంకో మందు రాసింది.

ముక్తేశ్వర్రావు గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. గుమ్మంలో క్యారేజీల జనం, మంచాల మీద రోగులు, ఇద్దరు సిస్టర్లు, అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"విధానపరంగా చూస్తే," అన్నారు, "సవరణల అంతర్భాగంగా సమాచారం సకాలంలోనే వెలికివచ్చినట్టు మనం..."

"సార్," అంది ఎస్తేరు మెల్లగా, "ముప్ఫై ఎనిమిదో పేజీలో పొద్దున్నే ఉంది సార్. నేనే రాశాను. ఈవిడ కోడలు గారు అంతకు ముందే చెప్పబోయారు. నేనే ఆపాను."

"అవును. అంటే, సమగ్రతకు, సత్వరతకు మధ్య గల సమతౌల్యాన్ని పునఃపరిశీలించవలసిన సందర్భం ఒకటి ఉత్పన్నమై, తత్ఫలితంగా విభాగపరమైన..."

మా అత్తగారు చాలాసేపు ఓపిగ్గా ఆయన ముఖంలోకి చూసింది. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

"అదేమిటి బాబూ అలా చుట్టు తిరుగుతావు?" అంది. "చెప్పేదేదో ఒక్క ముక్కలో చెప్పు."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ముక్తేశ్వర్రావు గారు మాత్రం నవ్వలేదు. పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టి, దాని వీపు పట్టుకుని, తొమ్మిదో మంచం దాకా వినబడేలా అన్నారు.

"తప్పు నాది మామ్మగారూ."